క్రొత్త నగరమున క్రొత్త కాపురము – శరణులు చూపిన బాట



పూర్వము వివాహమైన కన్యక అత్తవారింటికి పోవుచుండెను. అచ్చట అప్పటికే పొయ్యి వెలుగుచుండెను. అత్తగారు, తోడికోడండ్రు, ఇరుగుపొరుగువారు ఉండిరి. నడుచుచున్న ఒక కాపురములో ఆమె మెల్లమెల్లగా కలిసిపోవలసి యుండెను. నేడు జహీరాబాదు, నారాయణఖేడ్, తాండూరు ప్రాంతముల వీరశైవ కుటుంబములలో వధూవరులు పెండ్లి పందిరి తీసిన కొలది దినములకే హైదరాబాదునకో, బెంగుళూరునకో తరలిపోవుట సామాన్యమైనది. వరుని ఉద్యోగము అచ్చట. కొన్ని యెడల వధువు ఉద్యోగమును అచ్చటనే. వారు అడుగిడునది పుట్టినిల్లు కాదు, అత్తవారిల్లును కాదు. ఎవరో విడిచిపోయిన రెండు గదుల అద్దె ఇల్లు. గోడలకు పాత మేకులు, ముంగిట తెలియని ముఖములు.

మొదటి వారము సామాను సర్దుటలో గడచిపోవును. పిమ్మట భర్త ప్రొద్దుననే పనికి పోవును. నూతన వధువు తలుపు గడియ వేసికొని కూర్చుండును. కూరగాయల అంగడి ఎచ్చటనో, ఏ బస్సు ఎచ్చటికి పోవునో ఆమెకు తెలియదు. బీదరు, కలబురగి ప్రాంతములనుండి వచ్చిన పిల్లయైనచో చుట్టుప్రక్కల తెలుగు మాటయే సగము అర్థము కాదు. సాయంకాలము తల్లి ఫోనులో "ఎట్లున్నవు బిడ్డా, తిన్నవా?" అని అడిగినప్పుడు "మంచిగున్న అమ్మా" అని పలికి, ఫోను పెట్టిన తరువాత కన్నీరు తుడిచికొను కుమార్తెలు ఎందరో కలరు. ఈ దుఃఖము బలహీనత కాదు. వేరు పెకలించి నాటిన మొక్క మొదట కొంత వాడును. దానిని నిలువబెట్టు నీరెద్ది యనునదే విచారింపదగిన విషయము.

శరణధర్మము ఈ విషయమున మౌనముగా లేదు. ఏలయన ఈ ధర్మము వికసించినదే వలస వచ్చినవారి నగరములో. 12వ శతాబ్దపు కల్యాణము, నేడు బీదరు జిల్లాలోని బసవకల్యాణము, చాళుక్యులకు రాజధానియై వెలసిన పట్టణము. ముంబయి - హైదరాబాదు రహదారికి అది నేటికిని చేరువలోనే యున్నది. అచ్చట కూడిన శరణులలో అనేకులు అచ్చట పుట్టినవారు కారు. బసవన్న స్వయముగా బాగేవాడి విడిచి కూడలసంగమము చేరి, మంగళవాడలో కొలువుచేసి, తరువాత కల్యాణమునకు వచ్చినవాడు. అల్లమప్రభువు బళ్లిగావినుండి, అక్కమహాదేవి ఉడుతడినుండి, సిద్ధరామేశ్వరుడు సొన్నలిగె, అనగా నేటి సోలాపురమునుండి వచ్చిరి. మోళిగె మారయ్య, ఆయన భార్య మహాదేవమ్మ కాశ్మీర దేశమునుండి వచ్చిరనియు, రాజభోగములు వీడి కట్టెలమోపు అమ్ముకొని జీవించిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. కావున ఊరు విడిచి పట్టణమునకు పోవు దంపతులు ధర్మమునకు దూరమగుచున్నారని పెద్దలు శంకింపనక్కరలేదు. ఆ బాట శరణులు నడిచిన బాటయే.

బాట ఒకటైనను దానిపై నడచునప్పుడు వెంట తీసికొనిపోవలసిన దేమి? గ్రామమునందలి గుడి కదలదు. ఊరు విడిచినవాడు గుడిని విడువవలసినదే. కాని లింగవంతుని స్థితి వేరు. గురువు కరకమలమునుండి పొందిన ఇష్టలింగము దేహముపైననే యున్నది. బస్సులోను, రైలులోను, అద్దె ఇంటిలోను అది వెంటనే యుండును. అందువలన లింగార్చనకు ప్రత్యేకమైన పూజాగది కావలయునను నియమము లేదు. వామహస్తపు అరచేయి ఎంతయో ఆ దేవాలయము అంతయే. ఇరుకు ఇంటిలో స్నానానంతరము ఒక చాప పరచుకొని, విభూతి ధరించి, దంపతులిరువురు ప్రక్కప్రక్కన కూర్చుండి పావుగంట లింగపూజ చేసికొన్నచో, ఆ దినమునుండి అది అద్దె ఇల్లు కాదు, తమ ఇల్లు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. రాత్రిపాళి ఉద్యోగములు, తెల్లవారకముందే బయలుదేరు ప్రయాణములు పూజను నేటికి కాదు, రేపటికి అని వాయిదా వేయించును. ఒకనాడు లింగకాయ మేకుకు వ్రేలాడును, మరుసటి నెలకు పెట్టెలో చేరును. అట్లు జరిగిన ఇంటిలో ఒంటరితనము రెట్టింపగును. పాళి ఏదైనను పనికి పోవుటకు ముందో, వచ్చిన తరువాతనో ఒక వేళ నిర్ణయించుకొనుట మేలు. వేళకంటె నిష్ఠ ముఖ్యము.

క్రొత్త పట్టణమున కాపురము నిలిపిన దంపతులకు ఆదర్శముగా ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మలను స్మరింపవలెను. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. వీరు నేటి రాయచూరు జిల్లా లింగసుగూరు ప్రాంతమందలి అమరేశ్వరమునుండి కల్యాణమునకు వచ్చినవారు. బసవన్న మహామనె ముంగిట నేల రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతో వండి జంగమ దాసోహము చేసి, ప్రసాదము స్వీకరించుట ఆ దంపతుల నిత్యనియమము. ఒకనాడు మారయ్య మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. తమకు చాలినంతకు మించినది ఆశకు చిహ్నమనియు, ఎక్కువ తెచ్చినదానిని ఎచ్చటనుండి తెచ్చెనో అచ్చటనే వేసి రమ్మనియు భర్తను త్రిప్పి పంపెను. మారయ్య కోపింపలేదు, వెడలి, వేసి వచ్చెను. మరియొక దినము ఆయన అనుభవగోష్ఠిలో మైమరచి కాయకము మరచినప్పుడును జ్ఞాపకము చేసినది ఆమెయే.

ఈ కథలో లక్కమ్మ గొప్పతనము అందరును చెప్పుదురు. మారయ్య గొప్పతనమును చూడవలసియున్నది. భార్య మాటలో ధర్మము కనిపించినప్పుడు అది భార్య మాటయని చులకన చేయక తలవంచినవాడు ఆయన. పట్టణ కాపురమునకు పునాది ఇదియే.

లక్కమ్మ వచనములకు ముద్రిక "మారయ్యప్రియ అమరేశ్వరలింగ" అని యున్నది. అందు భర్త పేరున్నది. వెనుక విడిచి వచ్చిన ఊరి దైవము పేరును ఉన్నది. కల్యాణమువంటి మహానగరమున నివసించుచు ఆమె పుట్టిన ప్రాంతమును మరువలేదు, దానికై విలపించుచు కూర్చుండలేదు. రెంటిని ఒక్క పేరులో ఇమిడించుకొనెను. నేటి వధువునకు కావలసినదియు ఈ నేర్పే. పుట్టినింటి జొన్నరొట్టెను, పుట్టినింటి మాటను, పండుగను వెంట తెచ్చుకొనుట పట్టణమునకు అపకారము కాదు. వానితోపాటు క్రొత్త ఊరి భాషను నాలుగు మాటలు నేర్చుకొనుట ఊరికి ద్రోహమును కాదు. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో రచించిన బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. శరణుల చరిత్రయే రెండు భాషల ఇండ్లలో కాపురము చేసినది. ఇక శరణుల సంతానము ఏల జంకవలెను?

ఇప్పుడు భర్త ధర్మమును చెప్పవలెను. సాధారణముగా వరుడు వివాహమునకు ముందే రెండు మూడేండ్లు ఆ నగరమున నివసించియుండును. అంగళ్లు, దారులు, స్నేహితులు అతనికి తెలియుదురు. వధువునకు ఏమియు తెలియదు. కావున ఆ ఇంటికి అతడు యజమాని యనుటకంటె, వచ్చినవారికి దారి చూపు ఆతిథేయి యనుట సమంజసము. దాసోహము బయటివారికి అన్నము పెట్టుటతో మొదలు కాదు, తన ఇంటికి క్రొత్తగా వచ్చిన మనిషి మనస్సు కుదుటపరచుటతో మొదలగును. మొదటి నెలలో ఆదివారములు ఆమెను వెంటబెట్టుకొని బస్సు ఎక్కించి, దారి చూపి, తరువాత ఒంటరిగా పోయి రాగల ధైర్యమును కలిగింపవలెను. ఇంటి తాళపుచెవి ఒకటి, ఖర్చునకు డబ్బు కొంత ఆమె చేతిలో అడుగకయే యుండవలెను.

ఇంటిపనియు కాయకమే. మడివాళ మాచయ్య బట్టలుతికెను, నులియ చందయ్య త్రాళ్లు పేనెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను. సత్యక్క ముంగిళ్లు ఊడ్చెను. వీరిలో ఎవరి పనియు ఎవరి పనికంటె తక్కువ కాలేదు. అట్టి ధర్మమున పుట్టిన యువకుడు అంట్లు కడుగుటకు సిగ్గుపడుట వింతగా నున్నది. దంపతులిరువురు ఉద్యోగము చేయు ఇంటిలో వంట, ఊడ్పు, ఉతుకు ఆమె వంతనియు, వార్తలు చూచుట తన వంతనియు పంచుకొన్నచో అది కాయకము కాదు, దోపిడి.

మూడవది అనుభవగోష్ఠి. అనుభవమంటపమున అక్కమహాదేవిని అల్లమప్రభువు ప్రశ్నించెను, ఆమె తడబడక సమాధానము చెప్పెను. స్త్రీ పలుకును సభ యంతయు ఆలకించిన సంప్రదాయము ఇది. ఆ సంప్రదాయమునకు వారసులైన దంపతులు రాత్రి భోజనానంతరము ఫోనులు ప్రక్కన పెట్టి, కొంతసేపు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడవలెను. ఆ దినము ఎట్లు గడచినది, దేనికి భయము కలిగినది, దేనికి ఖర్చయినది అను విషయములు దాపరికము లేక చెప్పుకొన్నచో సగము బరువు దిగును. వినువాడు వెంటనే తీర్పు చెప్పనక్కరలేదు. వినుటయే చాలును.

ఊరిలోని పెద్దలకును ఒక ధర్మము కలదు. ప్రతిదినము ఫోనులో కూర ఏమి వండితిరి, అన్నము ఎన్ని గంటలకు తింటిరి, ఇంకను శుభవార్త లేదా యని అడుగుచుండుట ప్రేమయే కావచ్చును. కాని అది దూరమునుండి పగ్గము లాగుటవలె నుండును. అత్తగారు కోడలితో స్వయముగా మాటలాడవలెను, కుమారుని ద్వారా కాదు. వధువు తల్లిదండ్రులును ప్రతి చిన్న మాటకు బండి కట్టుకొని పోక, పిలిచినప్పుడు మాత్రము జాగు చేయక పోవలెను.

ఖర్చు విషయమున లక్కమ్మ పాఠమును మరల తలచుకొనవలెను. ప్రక్కవారి ఇంటిలో సోఫా యున్నదని, పెద్ద టీవీ యున్నదని నెలసరి వాయిదాలపై తెచ్చి నింపిన ఇంటిలో నిద్ర పట్టదు. చాప పరచిన ఇంటిలో అప్పు లేనిచో అది సంపన్న గృహమే. మొదటి సంవత్సరము అవసరమైన పాత్రలు, పరుపు, పొయ్యి చాలును. వచ్చిన జీతములో కొంత దాసోహమునకు, కొంత ఆపదకు తీసి యుంచుట కాయకధర్మము. నెలకొకమారు ఒక వృద్ధునకో, ఊరినుండి పరీక్షకు వచ్చిన విద్యార్థికో ఇంటిలో భోజనము పెట్టినచో పట్టణము పరాయిదనిపించదు. అతిథి వచ్చిన ఇల్లు వేరూనిన ఇల్లు. పట్టణమందలి మఠమునకు, బసవజయంతి సభకు పోవుటవలన కూడ పరిచయములు పెరుగును. ఏ అర్ధరాత్రియో ఆసుపత్రికి పోవలసివచ్చినప్పుడు పిలువదగిన నాలుగు ఇండ్లు ఏర్పడును.

ఇన్ని చెప్పిన పిదప ఒక మాట చెప్పకున్నచో ధర్మలోపమగును. సర్దుకొనుమని చెప్పు ఉపదేశము అవమానమును, దెబ్బను, కట్నపు వేధింపును మ్రింగుమని చెప్పు ఉపదేశము కాదు. లింగధారణమున స్త్రీకి పురుషునితో సమానమైన అధికారమును శరణులు ఇచ్చిరి. ఆమె దేహముపై ఇష్టలింగ మున్నది; ఆ దేహముపై చేయి యెత్తుట లింగమును అవమానించుటయే. పట్టణపు మూసిన తలుపుల వెనుక అట్టి కీడు జరుగుచున్నచో ఆమె దాచరాదు. వరకట్నము 1961 నుండియే చట్టవిరుద్ధము. గృహహింసనుండి స్త్రీకి రక్షణ కల్పించు చట్టము 2005లో వచ్చినది. వానికంటె ముందు తెరచియుండవలసినది పుట్టినింటి తలుపు. పరువు పోవునని దానిని మూసినవారు శివాచారమును పాటించినవారు కారు.

శరణులకును కల్యాణము శాశ్వత నివాసము కాలేదు. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున విప్లవము చెలరేగినప్పుడు వారు మరల ఊరు విడిచిరి. చన్నబసవన్నతో కొందరు ఉళవికి పోయిరి. అక్కమహాదేవి అంతకుమునుపే శ్రీశైల కదళీవనమును చేరెను. భవనములను వారు మోసికొనిపోలేదు. లింగమును, కాయకమును, ఒకరిపై ఒకరికి గల విశ్వాసమును మోసికొనిపోయిరి. వారి ధర్మము నిలిచినది.

హైదరాబాదున కాపురము పెట్టిన వధువు ఉదయమున కొళాయి త్రిప్పినప్పుడు వచ్చు నీటిని ఒక్కమారు తలచుకొనవలెను. ఆ నగరమునకు త్రాగునీరు సింగూరు, మంజీరా జలాశయములనుండి వచ్చుచున్నది. బీదరు సీమను తడిపి, నారాయణఖేడ్ ప్రాంతమును ఒరసికొని పారు మంజీరయే అది. కృష్ణాజలమును ఆ నగరమునకు చేరుచున్నది. బసవన్న విద్యాభ్యాసము చేసిన కూడలసంగమము ఆ కృష్ణా తీరముననే యున్నది. ఏ ఇంటికి ఏ నీరు వచ్చినను, పుట్టిన ఊరి నది తనకంటె ముందే ఆ నగరమునకు కాపురమునకు వచ్చి, లక్షల ఇండ్లలో కలిసిపోయి, అందరి దాహము తీర్చుచున్నది. ఆ నీటితో లింగమునకు అభిషేకము చేసి, భర్తతో కలిసి దినకాయకమునకు పూనుకొనిన గృహిణికి పరాయి ఊరు అనునది లేదు. అట్టి దంపతుల ఇంట మహామనె వెలయుగాక!