వంకాయరంగు జాకెట్టు

నరసరావుపేట జిల్లా కేంద్రమైంది 2022 ఏప్రిల్‌లో. ఆ ఊపులో పేటలో ఒకమ్మాయి, వాళ్లమ్మ ఏళ్ల తరబడి నడిపిన మ్యాచింగ్ సెంటర్‌ని బొటిక్ చేసేద్దామనుకుంది. కొట్టు ఎంతని? పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు. తెల్లసున్నం గోడలు, ముందు మాచర్ల నాపరాళ్ల అరుగు. వచ్చినవాళ్లని ఆ అరుగు మీదే నిలబెట్టి, చీర కొంగు మీద జాకెట్టు ముక్క పరిచి చూపించేది తల్లి.

కూతురు గోడలకు గులాబీ రంగు వేయించింది. ఫాల్స్ సీలింగ్ కట్టించి పసుప్పచ్చ ఎల్‌ఈడీలు బిగించింది. గుమ్మానికి నల్ల ఫిల్మ్ అంటించిన అద్దం తలుపు, అరుగు నిండా పూలకుండీలు. తెరిచిన రోజు కొట్టు కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలా వెలిగిపోయింది. ఫోన్లో ఫొటోలు కూడా బ్రహ్మాండంగా వచ్చాయి.

శ్రావణంలో రొంపిచర్ల నుంచి ఒక పెద్దావిడ మనవరాలి పెళ్లిచీర పట్టుకొచ్చింది. వంకాయరంగు పట్టు. అమ్మాయి నాలుగు ముక్కలు తీసి పరిచింది. మూడోది చీరలో కలిసిపోయింది.

"ఇదే మామ్మా, అచ్చు గుద్దినట్టుంది."

మగ్గం వర్కుకి పన్నెండు రోజులు పట్టింది. పెద్దావిడ జాకెట్టు తీసుకుని, చీర మీద వేసుకుని చూస్తూ మెట్టు దిగి, ఆగిపోయింది. ఎండలో చీర వంకాయే, జాకెట్టు మాత్రం ఇటుకపొడి. ఆమె అరవలేదు. తలుపు తోసుకుని వెనక్కి వచ్చింది.

"మా పిల్ల పెళ్లి నీ కొట్లో కాదు కదమ్మాయ్, పందిట్లో."

లోపలికి రాగానే రెండూ మళ్లీ ఒకటే రంగు. అమ్మాయికి నోరు పెగల్లేదు.

ముహూర్తం ఇంకా వారం ఉంది. తల్లి ఏమీ అనకుండా కుండీలు కిందికి దించి, అరుగు తుడిచి, అక్కడే కొత్త ముక్క ఎంచింది. మగ్గం పనివాళ్లు రాత్రుళ్లు కూర్చుని కుట్టిచ్చారు. ఖర్చు కూతురిది.

నీతి: కొట్టు సింగారం సరుకుని చూపించాలి గానీ, సరుకు మీద తన రంగు పూయకూడదు. వంకాయరంగులో నీలం ఉంటుంది. పసుప్పచ్చ లైటులో నీలం పాలు తక్కువ కాబట్టి అది ఎరుపు వైపు ఒరిగింది. గులాబీ గోడ తన వంతు తనూ వేసింది. ఒక వెలుతురులో కవలల్లా ఉన్న రెండు అద్దకాలు ఇంకో వెలుతురులో విడిపోవడం మామూలే. అందుకే పాత బట్టలకొట్లవాళ్లు చీర పట్టుకుని వాకిట్లోకి నడిచేవాళ్లు. పిడుగురాళ్ల సున్నం పక్కనే ఉండగా తెల్లగోడకి కరువేముంది? పసుప్పచ్చ లైట్ల మీద నాకేం పగ లేదు, బొమ్మకి తొడిగిన లెహంగా మీద పెట్టుకోవచ్చు. ముక్క ఎంచే బల్ల మాత్రం గుమ్మం దగ్గరే ఉండాలి.

గోడలు మళ్లీ తెల్లబడ్డాయి. కుండీలు మేడ మీదికి పోయాయి. అరుగు మీద ఇప్పుడొక ముక్కాలిపీట ఉంది, మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్ల కోసం.