వెల యీయని దీపము: సమీక్షకుని కాయకము

వస్తువును కొని వాడినవాడు దాని గుణదోషములను చెప్పుట లోకసహజము. తన సొమ్ము పోయినది గనుక అతని మాటకు పదునుండును. కొనక, తయారుచేసినవారి యొద్దనుండి ఉచితముగా పొంది, ఆ వస్తువును గూర్చి పదిమందికి చెప్పువాని మాట ఎట్లుండవలెను? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సమీక్ష కొరకు పుస్తకపు ప్రతులు రెండు పంపుడని మన తెలుగు పత్రికలు గ్రంథకర్తలను కోరుట చాలకాలముగా నున్న ఆచారమే. కాని తగని పుస్తకమును పొగడినచో పాఠకునికి పోవునది కొంత పైకము, రెండు సాయంకాలములు. తగని సైకిలు దీపమును పొగడినచో నష్టము అంతటితో ఆగకపోవచ్చును. తెల్లవారుజామున పాలు పోయువాడు, పత్రికలు వేయువాడు, రాత్రి పని ముగించుకొని యింటికి మరలు కూలివాడు ఆ మాటను నమ్మి చీకటి దారిని పడిపోవుదురు. అందుచేత ఈ చిన్న వస్తువునే దృష్టాంతముగా గైకొని విచారింతును.

ముందుగా ఆ దీపము ఏ విధమైన ఈవియో నిర్ణయించుకొనవలెను. దానమునకును దాసోహమునకును భేదము కలదు. దానము చేయువానికి 'నేను ఇచ్చితిని' అను తలపు మిగులవచ్చును. దాసోహమునందు ఇచ్చువాడే సేవకుడు. అతనికి ప్రతిఫలాపేక్ష యుండదు. కంపెనీ పంపిన దీపమునకు ఈ రెండు పేర్లును చెల్లవు. నాలుగు మంచి మాటలు వచ్చునను ఆశతోనే అది బయలుదేరినది. అట్లని దానిని లంచమనుటయు తొందరపాటు. తన వస్తువును తెలిసినవానిచే పరీక్షింపజేయుట తయారీదారునకు తగిన పనియే. ప్రకటనలకు ధనము లేని చిన్న కార్ఖానాకు అదియే దారి. నా దృష్టిలో అది ఒరగల్లుపై గీయించుటకు కంసాలి యొద్దకు తెచ్చిన బంగారము వంటిది. గీత రాతిపై మిగులును గాని బంగారము రాతిది కాదు. సమీక్షకుడు దానిని తనకు వచ్చిన బహుమతియని తలచిన క్షణముననే చిక్కు ప్రారంభమగును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మన యిండ్లలో పిల్లలకు కూడ తెలిసినదే. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యమును ఏరి తెచ్చి జంగమ దాసోహము జరుపుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని పంపివేసెను. ఆ బియ్యము దొంగసొత్తు కాదు. ఎవరును అడ్డు చెప్పలేదు. చేయబోవునది కూడ సత్కార్యమే. అయినను ఆమె ఏల ఒప్పుకొనలేదు? అవసరమునకు మించినది ఇల్లు చేరినచో చేయు పని స్వభావమే మారునని ఆమె యెరుగును. సమీక్షకునకును ఈ లెక్కయే కావలెను. పరీక్షించుటకు దీపము అవసరము. పరీక్ష ముగిసిన తరువాత అతని సైకిలుకే నిలిచిపోవు దీపము మించినది. వెల స్వల్పమే కదా యనువారు లక్కమ్మ త్రిప్పి పంపినది పిడికెడు బియ్యమని మరువరాదు.

'ఉచితముగా వచ్చినను నా అభిప్రాయము నాదే' యని వ్రాయుట ఇప్పుడు వాడుకయైనది. వ్రాయుట మంచిదే. మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2022లో వెలువడిన మార్గదర్శకములు, వస్తువును మెచ్చి చెప్పువానికి తయారీదారునితో గల సంబంధమును దాచరాదని చెప్పుచున్నవి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ ప్రకటించిన సూచనలలో, కోరకయే వచ్చిన ఉచిత వస్తువును కూడ అట్టి సంబంధములలో చేర్చిరి. తప్పుదారి పట్టించు ప్రకటనయందు మెప్పుమాట చెప్పినవానికి సైతము 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. అయితే ఇది గడప మాత్రమే. గడప యెక్కగానే ఇల్లు చేరితిమనుకొనువారు పెక్కురు. 'నా మనస్సు కలుషితము కాలేదు' అనునది సమీక్షకుడు తన్ను గూర్చి చెప్పుకొను మాట; దీపమును గూర్చిన మాట కాదు. పాఠకునికి అతని మనస్సుతో పనియేమి? పైగా మెత్తబడిన మనస్సు తాను మెత్తబడితినని యెరుగదు. అది అబద్ధమాడదు. దోషము చెప్పవలసిన చోట మౌనము వహించును. 'ఈ వెలకు ఫరవాలేదు' అనును. ఆ వెల ఇచ్చినది తాను కాదన్న సంగతి అప్పుడు జ్ఞప్తికి రాదు.

బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమును నిర్వహించు కాలమున, రాజధనమును జంగమార్చనకు వ్యయము చేయుచున్నాడని కొందరు కొండెములు చెప్పిన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పియున్నాడు. అందలి మహిమను మనము భక్తితో చదువుదుము. నేనిక్కడ గమనించునది మరియొకటి. బసవేశ్వరుడు తన హృదయము నిర్మలమని చెప్పి యూరకుండలేదు; ధనమును లెక్కింపజేసి చూపెను. సమీక్షకుని నిజాయితీయు అట్టిదే కావలెనని నా అభిప్రాయము. అది లోపల నుండు భావము కాదు, రాత్రులు మేలుకొని చేయవలసిన పని.

నా పూర్వవిద్యార్థి యొకడు సైకిలు సామగ్రిని గూర్చి వ్రాయుచుండును. ఒక కంపెనీ పంపిన దీపముపై తాను వ్రాసిన సమీక్షను భాష దిద్దుటకు నా యొద్దకు తెచ్చెను. అందులో 'అద్భుతము' మూడుసార్లు, 'పట్టపగలు వలె' రెండుసార్లు కలవు. పెట్టెపై అచ్చువేసినవి తప్ప వేరు సంఖ్య యొక్కటియు లేదు. "భాష దిద్దుటకేమున్నది నాయనా, ముందు దీపమును చూడవలెను" అంటిని. "ఏమి చూడవలెను మాస్టారూ?" యని అడిగెను. విద్యుత్తు నా శాస్త్రము కాదు. కాని విశేషణము ఏ ఖాళీని కప్పుచున్నదో కనిపెట్టుటయే తెలుగు పండితుని వృత్తి. మా పాఠశాలలోని భౌతికశాస్త్రోపాధ్యాయుని సాయముతో చేయదగిన పరీక్షలను వ్రాసికొంటిమి.

పెట్టెపై ల్యూమెన్లని యుండునది దీపమునుండి వెలువడు మొత్తము వెలుగు. అది దారిపై పడినదో, చెట్టుకొమ్మలపై పడినదో, ఎదురుగా వచ్చువాని కన్నులలో పడినదో ఆ సంఖ్య చెప్పదు. ఒక చోట పడిన వెలుగును కొలుచునది లక్స్. దూరము రెట్టింపైనచో అది ఇంచుమించు నాల్గవవంతగును. జర్మనీ దేశపు నిబంధనల ప్రకారము సైకిలు ముందు దీపము 10 మీటర్ల దూరమున కనీసము 10 లక్స్ ఇయ్యవలెను. ఎదుటివాని కన్నులకు మిరుమిట్లు గొలుపరాదు. కావున 10 మీటర్ల దూరమునందలి గోడపై వెలుగు ఏ ఆకారమున పడుచున్నదో చూచి, మీటరుతో కొలిచి వ్రాయవలెను. ఛాయాచిత్రము తీసినచో, కెమెరా తనంతట వెలుగును సరిదిద్దుకొనకుండ ఒకే అమరికలో నుంచి, అందరికి తెలిసిన పాత దీపపు చిత్రమును ప్రక్కన చేర్చవలెను. లేనిచో గ్రుడ్డిదీపము కూడ చిత్రమున సూర్యుడగును.

ఎంతసేపు వెలుగుననునది అంతకంటె మాయ. 2009లో అమెరికాలో చేతిదీపముల కొరకు ఏర్పడిన ప్రమాణము ప్రకారము, వెలుగు మొదటిదానిలో పదవవంతుకు పడిపోవువరకు గల కాలమంతయు లెక్కకు వచ్చును. పెట్టెపై 5 గంటలని యున్నచో ఐదవ గంటలో మిగిలినది మిణుగురు కావచ్చును. అబద్ధమనుటకు వీలులేదు, కాని చెరువుగట్టుపై పోవువానికి ఆ సత్యముతో ఏమి పని? అందుచే పది నిమిషములకొకసారి కొలిచి వ్రాసికొనవలెను. మావాని దీపము మొదటి గంట ముగియకమునుపే సగమునకు దిగినది. ఆపై చాలసేపు నిలకడగా నున్నది. మూడు 'అద్భుతము'లను కొట్టివేసి ఈ ఒక్క వాక్యమును వ్రాయించితిని.

వాన మాటకును కొలతలున్నవి. ఐ.పి.ఎక్స్. 4 అనగా అన్ని వైపులనుండి చిందు నీటికి ఓర్చును. ఐ.పి.ఎక్స్. 7 అనగా ఒక మీటరు లోతు నీట 30 నిమిషములు మునిగినను చెడదు. మొదటి గుర్తు గల దీపమును బిందెలో ముంచి, చెడినదని చాటుట పరీక్ష కాదు. ఇట్లు చేయువారు కలరు. ఉచితముగా పుచ్చుకొనియు తాము అమ్ముడుపోలేదని చూపుటకు లేని దోషములను వెదకుదురు. ఇదియు అసత్యమే, పైగా తన కీర్తికై ఆడిన అసత్యము. పెక్కు దీపములు వేడెక్కినపుడు తమ వెలుగును తామే తగ్గించుకొనును. కదలని గాలిలో బల్లపై నుంచి కొలిచినచో ఆ తగ్గుదల ఎక్కువగా కనబడును; సైకిలు పోవుచుండగా గాలి తగిలి చల్లబడును. ఫ్యాను ముందర పెట్టక కొలిచి నిందించుట, ఆ కార్ఖానాలో చేతులు కాల్చుకొన్నవారి కాయకమును కించపరచుటయే. మావాడు రెండు విధములుగను కొలిచి, రెంటిని వ్రాసెను.

"దోషము వ్రాసినచో మరల పంపరు కదా?" యని అతడే సందేహించెను. పంపకపోవచ్చును. అమెరికాలో 1936లో ఏర్పడిన కన్స్యూమర్స్ యూనియన్, జర్మనీలో 1964లో ఏర్పడిన స్టిఫ్టుంగ్ వారెన్‌టెస్ట్ పరీక్షించు వస్తువులను సామాన్యుల వలె అంగడిలోనే కొను పద్ధతిని పెట్టుకొన్నవి. మొగమాటమొక్కటే కారణము కాదు. తయారీదారు పంపునది ఏరి పంపినది కావచ్చును. ఒంటరి సమీక్షకునకు అంత ధనముండదు. నలుగురు మిత్రులు చందా వేసికొని ఏడాదికొక దీపమునైన అంగడిలో కొని, పంపినదానితో సరిచూడవచ్చును. అదియు కుదరనిచో 'ఇది కంపెనీ పంపినది, ఒక్కటే చూచితిని' అని మొదటి వాక్యముననే చెప్పవలెను. చివర చిన్న అక్షరములలో కాదు. మెప్పుగా లేనిచో ప్రచురింపరాదని ముందుగా మాట తీసికొనువారి దీపమును మాత్రము పెట్టె విప్పకయే త్రిప్పి పంపవలెను. అది ఒరగల్లుకు వచ్చిన బంగారము కాదు, ఒరగల్లునే కొన వచ్చిన పైకము.

ఇక పరీక్ష ముగిసిన దీపము సంగతి. పుచ్చుకొందుమన్నవారికి తిరిగి పంపుట ఉత్తమము. వలదన్నచో అవసరమున్నవానికి, దాని లోపములను కూడ చెప్పి, ఈయవలెను. ఇచ్చిన సంగతిని సమీక్షలో వ్రాయవలెను. అమ్ముకొనుట నాకు సమ్మతము కాదు. కొన్ని నెలలకు మరల పోయి దానిని చూచుట కూడ సమీక్షలో భాగమే. బ్యాటరీ నిలువ తగ్గుట, ఛార్జింగు రంధ్రపు మూత ఊడుట పక్షము దినముల పరీక్షలో తెలియవు. మావాడు తన దీపమును పాలు పోయు వృద్ధునికొకనికి ఇచ్చెను. ఆరు మాసముల తరువాత చూడగా రబ్బరు పట్టీ తెగియున్నది. తాత దానిని కొబ్బరి త్రాటితో హ్యాండిలుకు బిగించుకొనెను. వెలుగు మాత్రము ఇంకను ఇంటికి చేర్చుచున్నదని చెప్పెను. ఈ రెండు సంగతులను పాత సమీక్ష క్రింద తేదీతో సహా చేర్చితిమి.