ఆ కుర్చీ చుట్టూ నిశ్శబ్దం

రిటైరయినప్పుడు చేతికొచ్చిన డబ్బులోంచి మూడు లక్షలు పెట్టి పాటలు వినే సామగ్రి కొనుక్కున్నాను. రెండు స్పీకర్లు, ఒక ఆంప్లిఫయర్, ఒక సీడీ ప్లేయర్. ఈ మాట రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. స్త్రీల కోరికల గురించి ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి, వ్యాసాలు రాసినదాన్ని, నా కోరిక ఖరీదు అంకెల్లో చెప్పడానికి మాత్రం సిగ్గుపడ్డాను.

"ఆ డబ్బుతో గాజులు చేయించుకుంటే ఎప్పటికైనా పనికొచ్చేవి కదక్కా" అన్నాడు తమ్ముడు. బంగారం కొంటే పొదుపు. మనవడికి లాప్‌టాప్ కొంటే ప్రేమ. కాశీకి వెళితే పుణ్యం. ఎవరికీ ఏమీ చెయ్యకుండా, ఒక్కదాన్నే గంటసేపు కూర్చుని పాట వినడానికి ఖర్చు పెడితే దానికేం పేరు? స్వార్థమేనా? ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుందని తర్వాత తెలిసింది.

మా చిన్నప్పుడు రేడియో ముందుగదిలో, నాన్న పడక్కుర్చీ పక్కన ఉండేది. విజయవాడ కేంద్రం నుంచి కచేరీ మొదలవగానే నాన్న "ఉష్" అనేవాడు. ఆ ఒక్క శబ్దంతో ఇల్లంతా ఆగిపోయేది. అమ్మ రోట్లో పచ్చడి నూరడం ఆపేది. మేము గొణుక్కోవడం కూడా మానేసేవాళ్ళం. ఆగిన పని ఎక్కడికీ పోదు కదా, కచేరీ అయ్యాక రాత్రి పదింటి దాకా సాగేది. నాన్నకు సంగీత జ్ఞానం ఉందని ఊళ్ళో అందరూ చెప్పుకునేవారు. ఒకరోజు ఆయన "కాంభోజి" అని తల ఊపుతుంటే, వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ నా చెవిలో, "కాదు, యదుకుల కాంభోజి" అంది. రేడియో ఆమె మాటే నిజమని తేల్చింది. గచ్చు కడుగుతూ, బియ్యం ఏరుతూ, సగం చెవితో విన్న మనిషికి అంత తెలుసని ఎవరూ అనలేదు. ఆమె కూడా అనుకోలేదు.

ఈ జ్ఞాపకంతోనే నగరంలో ఒక ఆడియో దుకాణానికి వెళ్ళాను. "సార్ రాలేదా మేడమ్?" అని అడిగాడు అమ్మే కుర్రాడు. అతని తప్పేమీ లేదు. ఈ లోకంలో భార్యకు ఒక స్థానం ముందే నిర్ణయమై ఉంది. 1980ల నుంచి ఇంగ్లీషు ఆడియో పత్రికల్లో 'వైఫ్ యాక్సెప్టెన్స్ ఫాక్టర్' అని ఒక మాట వాడుకలో ఉంది. ఆ పెట్టె ముందుగదిలో పెట్టడానికి ఆవిడ ఎంతవరకు ఒప్పుకుంటుందన్నది దానర్థం. అంటే వినేవాడు భర్త, అడ్డుచెప్పేది భార్య. భార్యకు చెవులుంటాయన్న ఊహ ఆ మాటలో ఎక్కడా లేదు. కానీ అదే రంగంలో పేరున్న రెండు ఇంగ్లండు కంపెనీలు ఉన్నాయి. బీబీసీలో ఇంజనీర్లుగా పనిచేసిన ఇద్దరు వాటిని పెట్టారు. స్పెన్సర్ హ్యూస్, భార్య డోరతీ పేర్లు కలిస్తే స్పెండార్. డడ్లీ హార్వుడ్, భార్య ఎలిజబెత్ పేర్లు కలిస్తే హార్బెత్. పెట్టె పేరులో సగం ఆమెదే. పెట్టె ముందున్న కుర్చీ మాత్రం ఆమెది కాదు.

ఆ కుర్రాడు పెద్ద డప్పుల మోత, సినిమా బాంబులు వినిపించాడు. నేను నాతో తెచ్చుకున్న ఎమ్మెల్ వసంతకుమారి సీడీ వెయ్యమన్నాను. ఒక యంత్రం మంచిదో కాదో తెలుసుకోవడానికి మనిషి గొంతును మించిన పరీక్ష లేదు. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నది కాబట్టి చిన్న తేడా వచ్చినా చెవి పట్టేస్తుంది. ఎంపీ3 రూపకర్తల్లో ఒకరైన జర్మన్ ఇంజనీరు బ్రాండెన్‌బుర్గ్ కూడా తన పద్ధతిని సుజాన్ వేగా ఒంటిగొంతుతో, వాద్యాలేవీ లేకుండా పాడిన పాట మీద పరీక్షించి, ఆ గొంతు పాడవుతోందని గమనించి సరిచేసుకున్నాడు. ఒక స్త్రీ గొంతుకు న్యాయం చెయ్యలేకపోతే ఆ పద్ధతి ఇంకా పూర్తికానట్టేనని అతనికి తెలిసొచ్చింది.

ఇంతకీ అంత ఖర్చు దేనికి? నా సమాధానం ఇది. 1902లో కలకత్తాలో గ్రామఫోను రికార్డుకు పాడి, చివర తన పేరు తానే చెప్పుకున్న గౌహర్ జాన్ దగ్గర్నుంచీ ఈ దేశపు తొలి రికార్డుల్లో ఎన్నో గొంతులు 'మర్యాదస్తుల' ఇళ్ళలో అడుగుపెట్టనివ్వని స్త్రీలవి. బేగం అఖ్తర్ 1945లో పెళ్ళయ్యాక కొన్నేళ్ళపాటు పాటే మానేసింది. ఆరోగ్యం పాడయ్యాకే మళ్ళీ లక్నో రేడియోలో పాడింది. అంత వెల చెల్లించి మన దాకా చేరిన గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఎక్కడ చిన్నగా జీరపోయిందో వినడం విలాసమని నేననుకోను. అది వినేవాళ్ళు తీర్చాల్సిన బాకీ.

దుకాణం వాళ్ళు ఒక జత స్పీకర్లు వారం రోజులు ఇంట్లో పెట్టుకుని వినమన్నారు. వాటిని ఎలా అమర్చాలో ఆ కుర్రాడే చూపించాడు. రెండు స్పీకర్లు, వినే మనిషి కలిసి సమబాహు త్రిభుజంలా ఉండాలి. ఆ ఒక్క బిందువులో కూర్చుంటే గాయని ఎదురుగా గాలిలో కూర్చున్నట్టుంటుంది. నిజంగానే అలా ఉంది. మొదటి రోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

మూడో రోజు ఉదయం, ఆలాపన మధ్యలో వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. "ఆ గిన్నెలు కాసేపాగి తోమకూడదూ?" అన్నాను. మా ఇంట్లో పనిచేసే ఆమె కుళాయి కట్టేసి, తడిచేతులతో గుమ్మంలో నిలబడింది. "ఇంకా మూడిండ్లున్నయమ్మా" అంది. అంతే, ఇంకేం అనలేదు. ఇరవై నిమిషాలు అలాగే ఉంది. మర్నాడు చెప్పింది, నా వల్ల మొదలైన ఆలస్యం ఇల్లిల్లూ పెరిగిందని, ఆఖరింటావిడ ఒక పూట జీతం కోసుకుందని. అప్పుడు వినిపించింది నాకు, నా గొంతులో మా నాన్న "ఉష్".

అడగాల్సిన ప్రశ్న ఇదే. శ్రద్ధగా వినడమంటే కదలకుండా, నిశ్శబ్దంలో, ఒక్కరే కూర్చోవడమని అనుకుంటున్నాం. ఇంట్లో నిశ్శబ్దం దానంతటది ఉండదు. ఎవరో పని ఆపితేనో, వాయిదా వేసుకుంటేనో అది తయారవుతుంది. వర్జీనియా ఉల్ఫ్ 1929లో స్త్రీ రాయాలంటే ఏడాదికి అయిదొందల పౌండ్లు, స్వంత గది కావాలంది. ఆ మాట పట్టుకునే మనలో చాలామందిమి ఇంతదూరం వచ్చాం. ఆ గది ఎవరు ఊడుస్తారన్న ప్రశ్న కూడా దాని వెంటే వచ్చింది.

అలాగని ఆ సామగ్రి వెనక్కిచ్చేసి పశ్చాత్తాపపడాలా? ఆ ముగింపుకు నేను ఒప్పుకోలేదు. త్యాగం అన్న సలహా ఎప్పుడూ స్త్రీలకే ముందుగా అందుతుంది. మా నాన్నకు ఎవరూ రేడియో మానమని చెప్పలేదు. నేను పాట మానేస్తే ఆమె పోగొట్టుకున్న పూట జీతం తిరిగిరాదు. ఆ డబ్బు నేనిచ్చాను. వినే సమయం ఆమె వెళ్ళిన తర్వాతకు మార్చుకున్నాను. ఆమె పనిగంటలు నా రాగాలను బట్టి ఉండకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. ఇదేమీ విప్లవం కాదని నాకు తెలుసు.

ఆమె ఆరోజు గుమ్మంలో నిలబడి ఇంకో మాట కూడా అంది. "ఈడికి గొంతు ముద్దగ ఇనొస్తుందమ్మా. మీకు ఆడ మంచిగుందా?" నేను లేచి గుమ్మం దగ్గరకు వెళ్ళి విన్నాను. నిజమే. కుర్చీలో స్ఫటికంలా ఉన్న గొంతు అక్కడ దుప్పటి కప్పినట్టుంది. పై స్వరాలు కొన్ని స్పీకర్లలో టార్చిలైటు వెలుగులా సన్నటి దారిలో ముందుకే పోతాయి, పక్కలకు చేరవు. 1980లలో కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ శ్రోతలకు స్పీకర్లు కనబడకుండా తెర కట్టి పరీక్షలు చేశాడు. ఎదురుగానే కాక పక్కలకు కూడా ధ్వనిని సమంగా పంపే స్పీకర్లే ఎక్కువమందికి నచ్చాయి. కారణం సులువైనదే. గదిలో మనం వినేది నేరుగా వచ్చే ధ్వనే కాదు, గోడలకు తగిలి తిరిగొచ్చేది కూడా. పక్కలకు పోయేది చెడితే, అది తిరిగొచ్చి కుర్చీలోని పాటనూ చెడగొడుతుంది.

భౌతికశాస్త్రం నీతి బోధిస్తుందని నేననను. కానీ ఆ జత వెనక్కిచ్చేసి, తక్కువ ఆర్భాటంగా ఉన్న ఇంకో జత తెచ్చుకున్నాను. ఎవరైనా కొనబోతుంటే ఇదొక్కటే చెప్తాను. కుర్చీలో కూర్చుని విన్నాక లేచి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి కూడా వినండి. తక్కువ శబ్దంలో పెట్టి వినండి. మీ అమ్మ ఎక్కడ నిలబడి వినేదో అక్కడికి వెళ్ళి వినండి.

కొత్తవి వచ్చాక ఆమెను కుర్చీలో కూర్చుని వినమన్నాను. జిక్కి పాట అడిగింది, పెట్టాను. సగంలో లేచింది. "మంచిగనే ఉందమ్మా. నా ఫోన్ల నాకు ఇంకా మంచిగుంటది. పని చేసుకుంట ఇనొచ్చు" అంది. నా ముఖం చిన్నబోయింది. తర్వాత ఆలోచిస్తే ఆమె వినే పద్ధతిని ఉద్ధరించమని నన్నెవరూ అడగలేదు. మా అమ్మ యదుకుల కాంభోజిని పట్టుకున్నదీ అలాగే. చేతుల్లో పని లేని గంట వాళ్ళకు దొరకకపోవడం అన్యాయం. వాళ్ళు విన్నది తక్కువ వినడమని అనుకోవడం ఇంకో అన్యాయం.

పెట్టిన మూడు లక్షలకు ఇప్పుడు సిగ్గుపడటం లేదు. "ఉష్" అన్నందుకు మాత్రం పడుతూనే ఉన్నాను.