సముద్రానికి ఇసుక గట్టు



సముద్రానికి హద్దుగా దేవుడు దేనిని నిలిపాడు? కొండలనా? రాతి గోడలనా? కాదు, ఇసుకను నిలిపాడు. యిర్మీయా ప్రవక్త గ్రంథం ఐదవ అధ్యాయం, ఇరువది రెండవ వచనం తెరచి చూడండి. అలలు ఎంత ఎగసిపడినా, ఎంత ఘోషపెట్టినా ఆ ఇసుక హద్దును దాటలేవని ప్రభువు తన ప్రజలకు గుర్తు చేస్తున్నాడు.

అయితే మత్తయి సువార్త ఏడవ అధ్యాయంలో యేసు ప్రభువు ఇసుక గురించి మరొక మాట చెప్పారు. ఇసుక మీద ఇల్లు కట్టుకున్నవాడు బుద్ధిహీనుడన్నారు. ఒకచోట ఇసుక మహాసముద్రాన్నే ఆపుతున్నది. మరొకచోట ఒక్క ఇంటిని కూడా నిలబెట్టలేకపోతున్నది. ఈ రెండూ ఎలా నిజమవుతాయి? జవాబు కావాలంటే ఒకసారి ఇసుక దిబ్బల మీద నడిచి చూడాలి.

విశాఖపట్నం నుండి భీమునిపట్నం పోయే బీచి రోడ్డు మనలో చాలామందికి తెలిసినదే. సెలవులు వస్తే విచారణ యువతీ యువకులు, సత్యోపదేశం పిల్లలు వ్యాను మాట్లాడుకుని ఆ దారిన బయలుదేరుతుంటారు. నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, భీమిలికి ఇవతల, ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. అక్కడ దిగినవారిలో చాలామంది నాలుగు ఫొటోలు తీసుకుని, పది నిమిషాల్లో మళ్ళీ బండి ఎక్కేస్తారు. మీరు అలా చేయకండి. ఎండ ఎక్కక ముందే, మంచినీళ్ళు వెంట పెట్టుకుని, ఒక గంటసేపు నెమ్మదిగా నడవండి.

పేరుకు ఎర్రమట్టి అంటాం గాని చాలావరకు అది ఇసుకే. వేల సంవత్సరాల క్రితం మంచు యుగంలో సముద్రం ఇప్పటికంటే చాలా వెనుకకు తగ్గి ఉండేది. అప్పుడు బయటపడిన సముద్రపు నేల మీది ఇసుకను గాలి లేపి తెచ్చి ఇక్కడ పోసింది. ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి, కాలక్రమాన ఆ ఎరుపు వచ్చింది. వాన నీరు కోసిన లోతైన వాగులు దిబ్బల మధ్య దారులయ్యాయి. ఇటువంటి ఎర్ర దిబ్బలు మన దగ్గర గాక తమిళనాడులోను, శ్రీలంకలోను ఉన్నాయి. 2025 సెప్టెంబరులో మన దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. ఇంత ఘనత పొందిన ఈ దిబ్బను గాలి ఒక్కరోజులో తేలేదు. రేణువు మీద రేణువు పేర్చింది.

ఇప్పుడు దిబ్బలు దిగి ఒడ్డుకు రండి. అలల తాకిడికి పైన, పొడి ఇసుకలో పాకే తీగ ఒకటి కనిపిస్తుంది. మేక గిట్టవంటి ఆకులు, ఊదారంగు పూలు. దానిని బాలబందితీగ అంటారు. దాని పక్కనే రావణాసురుని మీసాలు అనే ముళ్ళ గడ్డి ఉంటుంది. గాలికి ఎగిరివచ్చే ఇసుక ఈ ఆకులకు తగిలి కింద పడుతుంది. ఇసుక కప్పేసిన కొద్దీ తీగ పైకి వస్తుంది, కొత్త వేళ్ళు వేస్తుంది, పడిన ఇసుకను పట్టుకుంటుంది. అలా దిబ్బ పెరుగుతుంది. తీగను పీకివేయండి, అదే ఇసుక అదే గాలికి ఎగిరిపోతుంది.

మన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. విడి ఇసుక దేనినీ నిలపలేదు. వేరు పట్టుకున్న ఇసుక సముద్రానికే గట్టు అవుతుంది. యేసు ప్రభువు తన వాక్కును విని కూడా పాటించని వానిని ఇసుక మీద ఇల్లు కట్టినవానితో పోల్చారు. విన్న మాట వేరూనకపోతే అది విడి ఇసుకే. అదే ప్రభువు యోహాను సువార్త పదునైదవ అధ్యాయంలో తనను ద్రాక్షతీగగా వర్ణించారు. మనం చిన్న రేణువులమే కావచ్చు. ఆయన మనలను పట్టుకుని ఉంటే మనం గట్టుగా నిలుస్తాం.

గట్టును తీసివేస్తే ఏమవుతుందో మన కాలంలోనే చూశాం. శ్రీలంకలోని యాల తీరంలో ఒక విడిది వారు, అతిథులకు సముద్రం బాగా కనబడాలని, ఎదుట ఉన్న ఇసుక దిబ్బను కొంతమేర తొలగించారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆ ఖాళీ గుండా నీరు చొచ్చుకువచ్చి విడిదిని నాశనం చేసింది. పక్కనే దిబ్బలు చెక్కుచెదరకుండా ఉన్నచోట నీటి ఉరవడి ఆగింది. అక్కడ మరణించినవారు మనకంటే పాపులని ఎవరూ అనుకోరాదు. సిలోయము బురుజు కూలి చనిపోయినవారి విషయంలో ప్రభువు మనలను ఆ తీర్పు చేయవద్దనే హెచ్చరించారు. కాని మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. దిబ్బ అడ్డంగా కనిపించినన్నాళ్ళూ దాని విలువ తెలియలేదు.

మన ఇళ్ళలో కూడా అటువంటి దిబ్బలున్నాయి. సాయంకాలపు జపమాల, ఆదివారపు దివ్యబలిపూజ, పొద్దు వాలకముందే చేసుకునే రాజీ, భోజనం ముందు చిన్న ప్రార్థన. ఒక్కొక్కటి చూస్తే రేణువంతే. టీవీకి, సెల్‌ఫోనుకు అడ్డమనిపించి ఒక రోజు జపమాల మానుతాం. పని ఉందని ఒక ఆదివారం పూజ మానుతాం. ఒక్క గ్లాసే కదా అని తండ్రి మొదలుపెడతాడు. అన్నదమ్ములు గట్టు తగాదా పెట్టుకుని మాటలు మానేస్తారు. ఎవరూ దిబ్బను ఒక్కరోజులో తవ్వరు, తట్టెడు తట్టెడుగా తీసుకుపోతారు. ఏ రోజూ ఏమీ జరిగినట్లుండదు. ఒకనాడు జబ్బో, అప్పో, ఇంట్లో ఒక మరణమో ఉప్పెనలా వస్తుంది. ఆనాడు అడ్డుకునేందుకు ఏమీ మిగిలి ఉండదు.

మరి పోయిన దిబ్బ తిరిగి రాదా? తప్పక వస్తుంది. మట్టి, ఇసుక తవ్విన చోట కూడా ఒక తీగ నాటుకుంటే మళ్ళీ రేణువులు చేరుతాయి. పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం ఆ వేళ్ళను తిరిగి నాటే దేవుని వరాలు. కాలం పడుతుంది. మంచిదే, దేవుడు ఓపిక గలవాడు.

ఇక ఒడ్డున నడిచే పిల్లలకు ఒక మాట. గవ్వలు ఏరడం మీకు ఇష్టమని తెలుసు. గుర్తుకు ఒకటో రెండో తెచ్చుకోండి, సంచులు నింపకండి. ఖాళీ గవ్వ కూడా ఒక చిన్న పీతకు ఇల్లు కావచ్చు. చలికాలం వెళ్ళే రోజుల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ వచ్చి ఇసుకలో వందకు అటూ ఇటుగా గుడ్లు పెట్టి పోతాయి. వాటిని తవ్వకండి. తీగలను తెంపకండి. ఒక సంచి మాత్రం వెంట తీసుకుపోండి. అలలు ఒడ్డుకు తెచ్చిన ప్లాస్టిక్ సీసాలు, తెగిన నైలాను వల ముక్కలు, పాత చెప్పులు అందులో వేయండి. రొట్టెల అద్భుతం తరువాత మిగిలిన ముక్కలను కూడా పోగుచేయమన్న ప్రభువు దేనినీ వృథా పోనివ్వలేదు. భూమి మనందరి ఉమ్మడి ఇల్లని 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు తన లేఖ ద్వారా మనకు బోధించారు. ఆ ఇంటి గట్టును మనమే తవ్వుకోరాదు.

ఈ వారం ప్రతి కుటుంబం ఒక్క పని చేయాలి. మీ ఇంట్లో మానివేసిన చిన్న మంచి అలవాటు ఏదో గుర్తించి, దానిని ఈ రాత్రే తిరిగి మొదలుపెట్టండి. ఒక్క రేణువే కదా అని చిన్నచూపు చూడకండి. సముద్రానికి హద్దు వేసిన దేవుడు దానితోనే హద్దు వేశాడు.

ప్రభువు మన కుటుంబాలను తన తీగకు అంటిపెట్టుకుని ఉండేలా దీవించునుగాక! ఆమెన్.