మిగిలిన పైసలు ఎవరివి?

పోయిన ఏడు మా తరగతి విహారయాత్ర లెక్కలు నేనే రాశాను. ఖర్చులన్నీ పోగా 1000 రూపాయలు మిగిలాయి. మేము 41 మందిమి. భాగిస్తే ఒక్కొక్కరికి 24 రూపాయల 39 పైసలు వచ్చింది. ఈ రోజుల్లో 39 పైసలు ఎక్కడ దొరుకుతాయి? అందరికీ 24 చొప్పున ఇచ్చేశాను. మిగిలిన 16 రూపాయలతో పెన్ను కొనుక్కున్నాను. ఎవరూ అడగలేదు. ఒక్కొక్కరికి అర్ధ రూపాయి కూడా పోలేదు కదా! మరి అది దొంగతనమేనా?

ఈ చిక్కు పాతదే. మన బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఇక్కడ హాలీ సిక్కా నడిచేది. 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయలు లెక్క. 6ని 7తో భాగించి చూడండి, 0.857142... ఎంతకీ తెగదు. తర్వాత 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అణా అంటే ఆరుంబావు పైసలు. పావు పైసకు నాణెం లేదు కాబట్టి అణాకు 6 పైసలే లెక్కగట్టారు. 16 అణాలను విడివిడిగా మార్చుకుంటే 96 పైసలే వస్తాయి. రూపాయిలో 4 పైసలు మాయం!

ఇప్పటి బ్లాక్‌చెయిన్ డబ్బులోనూ ఇదే సంగతి. అక్కడ ఒకే లెక్కను వేల కంప్యూటర్లు చేస్తాయి, అన్నిటికీ ఒకే జవాబు రావాలి. కానీ దశాంశాలతో మామూలుగా చేయిస్తే, 0.1కి 0.2 కలిపినా కంప్యూటర్ 0.30000000000000004 అంటుంది. అందుకని బాగా చిన్న ముక్కను తీసుకుని అంతా పూర్ణ సంఖ్యల్లోనే రాస్తారు, మనం 10.25 రూపాయలను 1025 పైసలు అన్నట్టు. ఒక బిట్‌కాయిన్‌లో 10 కోట్ల సతోషీలు ఉంటాయి. ఒక ఈథర్‌లో ఎన్ని వెయ్‌లో రాయాలంటే 1 పక్కన 18 సున్నాలు పెట్టాలి. అయినా 10 ముక్కలను ముగ్గురికి పంచితే ఒకటి మిగలక తప్పదు.

ఆ ఒకటి ఎవరికి? ఉమ్మడి నిధి నడిపే ప్రోగ్రాముల్లో మంచి పద్ధతి ఏమిటంటే, తీసుకునేవాడికి ఆ ముక్క తగ్గించి, నిధిలోనే ఉంచడం. తీసుకునేవాడికి ఎక్కువ ఇస్తే, వాడు వేలసార్లు తీసి అందరి సొమ్మూ లాగేయవచ్చు. పైగా ఆ నియమం ముందే రాసి ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

ఇది తెలిశాక నా పెన్ను గుర్తొచ్చింది. భాగహారంలో శేషం రావడం ఎవరి తప్పూ కాదు. లెక్క రాసిన చెయ్యే ఆ శేషాన్ని చెప్పకుండా జేబులో వేసుకోవడం తప్పు. "చిన్నదే కదా" అనే మాట పోగొట్టుకున్నవాడు అనాలి గానీ, తీసుకున్నవాడు అనకూడదు.

మొన్న తరగతిలో నిలబడి జరిగింది చెప్పి, 16 రూపాయలు తరగతి డబ్బాలో వేశాను. "పదహారు రూపాయలకేనా!" అని అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ. ఈసారి లెక్క పుస్తకం మొదటి పేజీలోనే రాసిపెట్టాను: మిగిలింది డబ్బాలోకి.