స్వభావం నేరానికి సాకు అవుతుందా?

హింసకు పాల్పడినవాణ్ణి చూసి "వాడి స్వభావమే అంత" అంటాం. నేరం స్వభావమే చేయిస్తే, ఇహలోకంలో శిక్ష, పరలోకంలో విచారణ ఎందుకు?

న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన సుమారు 1,000 మందిని పరిశోధకులు దశాబ్దాలుగా గమనించారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం, బాల్యంలో ఆత్మనిగ్రహం తక్కువగా ఉన్నవారిలో 32 ఏళ్లు వచ్చేసరికి నేరాలకు శిక్షపడినవారు ఎక్కువ. అయితే ఎదిగేకొద్దీ నిగ్రహం పెంచుకున్న పిల్లల జీవితాలు మెరుగుపడ్డాయి.

కనుక స్వభావం ఒక పరీక్షే గాని తీర్పు కాదు. కొందరికి కోపాన్ని ఆపుకోవడం మరింత కష్టం. ఆ కష్టమెంతో అల్లాహ్‌కు తెలుసు. మోయలేని భారాన్ని ఆయన ఎవరిపైనా మోపడని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది.

100 మందిని చంపిన వ్యక్తి పశ్చాత్తాపపడిన ఉదంతం హదీసులో ఉంది. తౌబా ద్వారం తెరిచే ఉందని చెప్పిన పండితుడు, చెడ్డ ఊరు విడిచి సజ్జనులున్న ఊరికి వెళ్లమని కూడా అతనికి చెప్పాడు. మార్పుకు సంకల్పంతోపాటు మంచి సావాసమూ కావాలి.

కాబట్టి కోపిష్ఠి బిడ్డను "వీడింతే" అని వదిలేయరాదు. కోపం వస్తే మౌనం వహించమని, నిలబడి ఉంటే కూర్చోమని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ముందు మనం ఆచరించి, తర్వాత బిడ్డలకు నేర్పుదాం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.