తెర ఆరిన పిదప



"ఫాదర్‌గారూ, అమెరికాలో చదువుతున్న మా బాబు హీరో సినిమాకైతే నాలుగు గంటలు కారులో వెళ్తాడట. ఆదివారం పూజకు తీరిక లేదట!" అని ఎచ్చెర్లలో ఒక తల్లి కంటతడి పెట్టుకున్నది. 2023లో న్యూజెర్సీలో మనవారు 'నాటు నాటు' పాటకు టెస్లా కార్ల దీపాలనే ఆడించారు.

పునీత అగస్టీనువారు కూడ యౌవనంలో కార్తేజుకు చదువుకై వెళ్లి నాటకాల మోజులో పడ్డారు. కల్పిత దుఃఖానికి ఏడ్చిన తాను, తన ఆత్మ దుస్థితికి ఏడ్వలేదని పిదప ఒప్పుకున్నారు. తల్లి మోనికమ్మ ప్రార్థన మానలేదు. 387లో ఆయన జ్ఞానస్నానము పొందారు.

ఆ సందడిలో బిడ్డ వెదికేది తెలుగు మాట, తోడు. అది పాపము కాదు. కాని తెర ఆరిన పిదప గదిలో తోడెవరు?

తల్లులారా, మందలింపుతో మొదలుపెట్టకండి. సినిమా ఎట్లున్నదని అడగండి. ఆపై ఫోనులోనే కలిసి ఒక మంగళవార్త జపము చెప్పుకోండి.